"ఇచ్, నీ, సాన్" వినపడని చోట

ప్రశ్న: కావలిలో ఒక స్కూలు గ్రౌండులో సాయంత్రం పూట నలభై మంది పిలకాయలకు కరాటే నేర్పుతుంటాను. "ఇచ్, నీ, సాన్" అని జపాన్ భాషలో ఒకటి, రెండు, మూడు లెక్క చెబితే నలభై చేతులూ ఒక్కసారే లేస్తాయి, చూడముచ్చటగా ఉంటుంది. కటా (ఒంటరిగా వరసగా చేసే కదలికలు) కూడా శుభ్రంగా చేస్తారు. మొన్న నెల్లూరులో పోటీకి తీసుకుపోతే మాత్రం మ్యాట్ ఎక్కంగానే కొయ్యబారిపోయారు. అవతలోడు ఉత్తుత్తిగా చెయ్యి ఆడించడం, మావాళ్లు దానికి అదిరిపడటం, ఆ వెంటనే కాలి దెబ్బ తినడం. పదివేల సార్లు కొట్టిస్తే మజిల్ మెమరీ వస్తుందని ఒకరంటారు. లైట్లు వెలిగే రియాక్షన్ మిషన్ కొనమని ఇంకొకరు. కళ్లకు గంతలు కట్టి మెదడు నిద్రలేపే క్లాసులు పెట్టిస్తామని మరొకరు. మెదడు శాస్త్రం మాలాంటి వాళ్లకు నిజంగా పనికొస్తుందా? రోజుకు గంట టైము, చేతిలో ఒక ఫోను, మా దగ్గరున్నది అంతే. తల్లిదండ్రులేమో తలకు దెబ్బ తగిలితే ఎట్లా, హెల్మెట్లు కొనండి అంటున్నారు. దానికీ జవాబు చెప్పండి.
ఒక కరాటే మాస్టారు, కావలి

జవాబు: మాస్టారూ, నలభై చేతులూ ఒక్కసారే లేస్తాయని మీరు మురిపెంగా రాశారే, జబ్బు అక్కడే ఉంది. మీ పిలకాయలు నేర్చుకున్నది గుద్దు ఒక్కటే కాదు, మాస్టారి గొంతు వినపడితే గుద్దాలన్న ముడిని. మ్యాట్ మీద ఆ గొంతు ఉండదు. అవతలి పిల్లాడి భుజం, తుంటి, ముందు పాదం ఉంటాయి. వాటిని చూసి చెయ్యి లేవాలని వాళ్లకెవరూ నేర్పలేదు. కొయ్యబారడంలో భయం పాలు ఎంతుందో, అలవాటైన సైగ రాకపోవడం పాలు కూడా అంతే ఉంది.

కాస్త లెక్క చూద్దాం. కంటికి ఏదో కనిపించి, కదలాలని మెదడు తేల్చి, కండరం కదలడం మొదలయ్యేసరికి మామూలు మనిషికి 0.20 నుంచి 0.25 సెకను పడుతుంది. చెవికి వినపడిన దానికైతే అందులో 0.03 నుంచి 0.05 సెకను తగ్గుతుంది. అంటే లెక్క విని కొట్టే పిల్లాడు ఉన్నదానికంటే చురుగ్గా కనిపిస్తాడు, మనం మోసపోతాం. ఇక దగ్గర నుంచి వచ్చే కిజామి జుకి (ముందు చేతి గుద్దు) బయల్దేరి తగలడానికి పట్టేది సెకనులో ఐదో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. పిడికిలి కదిలాక చూసి అడ్డం పెడదామనుకుంటే, మన చెయ్యి లేచేసరికి వాడి చెయ్యి వచ్చేసి ఉంటుంది. ఎంత సాధన చేసినా ఈ తీసివేత మారదు.

మరి బాగా ఆడేవాళ్లు ఎట్లా తప్పించుకుంటున్నారు? పిడికిలి కదలకముందే చదివేస్తున్నారు. జపాన్ పరిశోధకులు 2002లో కరాటే ఆటగాళ్లనూ కొత్తవాళ్లనూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. చుక్క కనిపిస్తే మీట నొక్కడం లాంటి పనిలో పెద్ద తేడా లేదు. ఎదుటివాడు దాడికి దిగే వీడియో చూపించి, దెబ్బ ఎక్కడికి వస్తుందో చెప్పమన్నప్పుడు మాత్రం ఆటగాళ్లు స్పష్టంగా ముందున్నారు. తేడా చూపు చదివే దాంట్లో ఉంది, నరాల వేగంలో కాదు.

మీ క్లాసులోనే దీన్ని చూడొచ్చు. 30 సెంటీమీటర్ల స్కేలు ఒకరు పైకొస పట్టుకోవాలి, రెండోవాళ్లు సున్నా గీత దగ్గర వేళ్లు తెరిచి ఉంచాలి. చెప్పకుండా వదిలేస్తే ఎక్కడ పట్టుకున్నారో చూడండి. 15 సెంటీమీటర్ల దగ్గరైతే 0.175 సెకను, 20 దగ్గరైతే 0.20, 25 దగ్గరైతే 0.226. తలా ఐదుసార్లు చేసి సగటు తీయండి. మీ దగ్గర బాగా ఆడే పిల్లాడే ఇందులో మొదట నిలవాలని ఏమీ లేదు. రియాక్షన్ మిషన్ గురించి అడిగారు కదా, దాని జవాబూ ఇదే. లైటు వెలిగితే తట్టడం సాధన చేస్తే లైటు తట్టడం బాగా వస్తుంది. లైటుకు భుజం లేదు, తుంటి లేదు, మోసం చెయ్యాలన్న బుద్ధీ లేదు. ఆ డబ్బు దాచుకోండి, చివర్లో ఒక ఖర్చు చెబుతాం.

అలాగని కిహోన్ (లెక్కకు కొట్టే పునాది సాధన) ఎత్తెయ్యమనడం లేదు. 2012లో లండన్ పరిశోధకులు పన్నెండు మంది బ్లాక్ బెల్టులనూ, వ్యాయామం చేసే అలవాటున్నా కరాటే రాని పన్నెండు మందినీ తెచ్చి, కేవలం 5 సెంటీమీటర్ల దూరం నుంచి గుద్దమన్నారు. బ్లాక్ బెల్టుల గుద్దులో బలం ఎక్కువ. ఆ బలం కండ నుంచి వచ్చింది కాదు, భుజమూ మణికట్టూ గరిష్ఠ వేగానికి చేరే క్షణాలు కచ్చితంగా కలవడం నుంచి వచ్చింది. ఆ కూర్పు ఎంత బాగా ఉందన్న దానికీ, చిన్నమెదడులోని తెల్ల నరాల దారుల తీరుకూ సంబంధం కనిపించింది. కిహోన్ కట్టేది ఆ కూర్పునే. మజిల్ మెమరీ అంటాం గానీ, ఆ జ్ఞాపకం కండలో ఉండదు. చిన్నమెదడు, మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా, చేతిని కదిలించే పైపొర (కార్టెక్స్) కలిసి దాచుకునేది అది. పదివేలు అన్న అంకెకు మాత్రం ఏ ఆధారమూ లేదు. సరైన సైగకు కొట్టింది, లెక్కకు కొట్టిన దానికంటే మ్యాట్ మీద ఎక్కువ అక్కరకొస్తుంది. కాబట్టి గంటలో లెక్కతో కొట్టించేది పది నిమిషాలకు కుదించండి. మిగిలిన టైము కళ్లకు ఇవ్వండి.

మొదటి వారం ఇట్లా మొదలుపెట్టండి. పిల్లల్ని ఇద్దరిద్దరిగా ఎదురెదురుగా నిలబెట్టండి. ఒకరు ముందు పాదం నేల మీంచి లేపితే, రెండోవాళ్లు గ్యాకు జుకి (వెనక చేతి గుద్దు) పొట్ట మీదికి వేసి డ్రెస్సు తాకే దగ్గర ఆపాలి. నోటితో సైగ లేదు, చప్పట్లు లేవు. ఎనిమిది సార్లయ్యాక మార్చుకోవాలి, అట్లా మూడు విడతలు. సైగకూ సైగకూ మధ్య వ్యవధి ఒక సెకను నుంచి ఆరు సెకన్ల దాకా ఎలాపడితే అలా ఉండాలి. ఇక్కడే చాలా క్లాసుల్లో పని చెడిపోతుంది. పాదం లేపే పిల్లాడు నాలుగోసారికి తాళం పట్టేస్తాడు, రెండు సెకన్లకు ఒకటి చొప్పున లేపుతుంటాడు. ఎదుటివాడు పాదాన్ని చూడటం మానేసి తాళాన్ని నేర్చుకుంటాడు. పీర్ల పండగప్పుడు డప్పు దరువుకు కర్రసాము చేస్తారు చూడండి, అది చూడ్డానికి అద్భుతం. కానీ తర్వాతి దెబ్బ ఎప్పుడొస్తుందో దరువే చెప్పేస్తుంది. మనకు కావలసింది దాని తలకిందులు. లేపేవాడి చెవిలో "ఒక ఊపిరి, మూడు ఊపిరులు, మళ్లీ ఒకటి" అని చెప్పి పంపండి, తాళం విరుగుతుంది.

రెండో వారం పదింటిలో మూడు అబద్ధాలు కలపండి. భుజం కదులుతుంది, పాదం లేవదు. దానికి చెయ్యి లేపితే ఒక మార్కు పోయినట్టు. చెయ్యిని లేపడం ఎంత నేర్పో, లేవబోయిన చెయ్యిని ఆపడం కూడా అంతే నేర్పు. మీ పిలకాయలకు ఇప్పుడు లేనిది ఆ రెండోది. మూడో వారం రెండో సైగ చేర్చండి. పాదం లేస్తే గ్యాకు జుకి, వెనక మోకాలు తిరిగితే లోపలికి దూరడం. అక్కడితో ఆగండి. 1952లో హిక్ అనే శాస్త్రవేత్త చూపించిందేమిటంటే, ఎంచుకోవలసిన దారులు పెరిగేకొద్దీ ఎంచుకునే టైమూ పెరుగుతుంది. ఒక మవాషి గెరికి (పక్కనుంచి తిప్పి తన్నే తన్నుకు) అయిదు రకాల అడ్డు నేర్పిన పిల్లాడు, ఒకటే నేర్చుకున్నవాడికంటే ఆలస్యంగా కదిలేది అందుకే. బెల్టు మారే గ్రేడింగ్ పరీక్షకు అయిదూ నేర్పండి, పోటీకి ఒకటి చాలు. పదింటికి ఏడెనిమిది సరిగ్గా వస్తుంటే పాళ్లు కుదిరాయని మా లెక్క. పదికి పది వస్తున్నాయంటే తేలికైపోయింది. అయిదు కంటే తగ్గితే సైగలు ఎక్కువైపోయాయి.

చూపు ఎక్కడ నిలపాలన్నది పిల్లలు తప్పకుండా అడుగుతారు. చెయ్యి బారచాపి బొటనవేలి గోరు చూడండి. కంటికి పదునుగా కనిపించే జాగా దాదాపు అంతే, రెండు డిగ్రీలు. మిగతాదంతా మసక. కానీ ఆ మసకచూపు కదలికను ఇట్టే పట్టేస్తుంది. చేతి నుంచి కాలికి, కాలి నుంచి చేతికి చూపు గెంతిస్తుంటే, గెంతే ఆ లిప్తలో కన్ను దాదాపు ఏమీ చూడదు. అందుకని చూపు ఎదుటివాడి కాలరు ఎముకల నడుమ నిలిపి, చేతుల్నీ కాళ్లనూ మసకచూపుకు వదిలెయ్యాలి. జపాన్ పాత గురువులు దూరపు కొండను చూసినట్టు చూడమనేవారు, సంగతి అదే. సాధనకు మీరు ఎదుటివాడి వెనకగా నిలబడి అప్పుడప్పుడు కుడి చెయ్యో ఎడమ చెయ్యో పక్కకు చాపండి. పిల్లాడు కాలరు మీంచి చూపు తీయకుండా ఏ చెయ్యో చెప్పాలి. ఎన్ని వేళ్లు అని మాత్రం అడగొద్దు. మసకచూపుకు లెక్క తెలియదు. పిల్లాడు చూపు గెంతించడం మొదలుపెడతాడు, మీరే ఆ అలవాటు నేర్పినట్టవుతుంది.

ఫోను ఉందన్నారు, చాలా మంచి మాట. దాన్ని ఆడే పిల్లాడి కంటి ఎత్తులో పట్టుకుని, ఎదురుగా వచ్చే దాడుల్ని స్లో మోషన్‌లో ఇరవై తీయండి. గోడెక్కి పైనుంచి తీసిన వీడియో దీనికి పనికిరాదు, మ్యాట్ మీద ఎవరికీ ఆ కోణంలో కనపడదు. భుజమో తుంటో కదలడం మొదలైన చోట ఆపి "చెయ్యా, కాలా, ఫేకా" అని అడగండి. చెప్పగానే మిగతాది నడిపి చూపించాలి, రేపు చూపిస్తామంటే లాభం లేదు. పిల్లలు జవాబు నోటితో కాక ఒంటితో ఇస్తే ఇంకా మేలు. చెయ్యి అనుకుంటే వెనక్కి ఒక అడుగు, కాలు అనుకుంటే లోపలికి. వారానికి రెండుసార్లు, అయిదేసి నిమిషాలు. రెండు వారాలకు వీడియోలు మార్చెయ్యండి. లేకుంటే పిలకాయలు వెనకాల ఏ గోడ కనిపిస్తే ఏ దెబ్బ వస్తుందో కంఠతా పట్టేస్తారు. దాడి చేసే వంతు ప్రతి పిల్లాడికీ రావాలి, బాగా తన్నే నలుగురికే కట్టబెట్టొద్దు. బ్యాలే నాట్యం, బ్రెజిల్ కపోయెరా ఆడేవాళ్ల మీద 2005లో చేసిన పరిశోధనలో, తమ ఒంటికి వచ్చిన కదలికను చూస్తున్నప్పుడు మెదడులోని కదలిక భాగాలు ఎక్కువగా పనిచేశాయి. మవాషి గెరి తన్నడం వచ్చినవాడికే అది వచ్చేది ముందుగా తెలిసే అవకాశం ఎక్కువని మేం అనేది అందుకే.

వార్మప్‌కు గ్రౌండు చుట్టూ పరుగులు మానేసి పది నిమిషాలు చెడుగుడు ఆడించండి. కూతకొచ్చినవాడు కాలు ఎప్పుడు చాస్తాడో ఏ విజిలూ చెప్పదు. పట్టేవాళ్లు వాడి నడుమునే కనిపెట్టుకుని ఉంటారు. ఇంత చవకైన మెదడు సాధన మరొకటి లేదు.

ఇంకో చిన్న మార్పు. ముప్పై దెబ్బలు కొట్టించాలంటే పది కిజామి, పది గ్యాకు, పది మవాషి అని వరసగా కాకుండా మూడూ కలగాపులగంగా కొట్టించండి. 1979 నుంచి ఎన్నోసార్లు తేలిన సంగతి ఇది. కలిపి సాధన చేసినవాళ్లు ఆ రోజు తడబడతారు, వారం తర్వాత పరీక్ష పెడితే ముందుంటారు. చూడ్డానికొచ్చిన తల్లిదండ్రులకు మాత్రం "మొన్నటికంటే పాడైపోయారేంది" అనిపిస్తుంది. వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. తెల్ల బెల్టు పిల్లలకు ఇది వద్దు. దెబ్బకు రూపం వచ్చేదాకా వరస సాధనే మంచిది.

ఇప్పుడు మీ అసలు బాధకు వద్దాం, ఉత్తుత్తి చెయ్యికి అదిరిపడటం. ఇది మీ పిల్లల పిరికితనం కాదు. ఏం చెయ్యాలో ఎంచుకునే పని దగ్గర మెదడుకు మీసేవలో లాగా కౌంటరు ఒకటే. మొదటి సైగకు జవాబు ఎంచుకుంటుండగా, సెకనులో పదో వంతు నుంచి మూడు పదో వంతుల లోపల రెండో సైగ వస్తే, అది వరసలో నిలబడాల్సిందే. ఫేక్ కొట్టినవాడు ఆ వరసనే వాడుకుంటాడు. చెయ్యి పడితే ఒక పాయింటు, తలకు కాలు పడితే మూడు. అందుకే చెయ్యిని చూపించి కాలితో కొడతారు.

కాచుకునే వైపు నుంచి దీనికి మందు దూరం. మ్యాట్ అతుకు మీదో, గ్రౌండులో సున్నంతోనో ఒక గీత పెట్టండి. ఎదుటివాడి ముందు పాదం ఆ గీత దాటనంతవరకు వాడు ఏం ఆడించినా మన చేతులు లేవకూడదు, కాళ్లు మాత్రం దూరం సరిచేసుకోవాలి. దాటితే అది నిజమనుకుని కొట్టాలి, లేదా తప్పుకోవాలి. "ఇది నిజమా, ఫేకా" అన్న గట్టి ప్రశ్నను "గీత దాటాడా, లేదా" అన్న తేలిక ప్రశ్నగా మార్చేశాం. మెదడుకు బరువు తగ్గింది. గీత ఎంత దూరంలో ఉండాలంటే, ఎదుటివాడు అడుగు వెయ్యకుండా చెయ్యి చాపితే మన ఒంటికి ఒక జానెడు ఎడం ఉండేంత. పొడుగు పిల్లలతో ఆడేటప్పుడు గీత వెనక్కి జరుగుతుంది. అందుకే రోజూ ఒకే జత కట్టించవద్దు. మూడు వారాలు గీతతో ఆడించి, నాలుగో వారం చెరిపేసి ఆడించండి. చాలామందికి గీత కళ్లలో ఉండిపోతుంది. ఉండనివాళ్లకు మళ్లీ గియ్యండి.

మనం ఫేక్ కొట్టాలంటే మూడు షరతులున్నాయి. ఒకటి, అంతకుముందు ఆ దెబ్బ రెండుసార్లు నిజంగా కొట్టి ఉండాలి. మెదడు జరిగిన దాన్ని బట్టే జరగబోయేది ఊహిస్తుంది, ఒక్కసారీ తగలని చెయ్యికి ఎవడూ భయపడడు. రెండు, ఫేక్‌లో భుజమూ తుంటీ నిజం దెబ్బలో కదిలినట్టే కదలాలి. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ముంజేతిని మాత్రం ఆడించడం. చదవడం వచ్చినవాడు దాన్ని లెక్కచెయ్యడు. మూడు, నడుమ ఎడం. ఫేకూ తన్నూ ఒకేసారి వస్తే ఎదుటివాడికి అదంతా ఒకటే సైగ. అర సెకను ఆగితే వాడి కౌంటరు ఖాళీ అయిపోతుంది. చెవికి "టక్‌టక్" అని వెంటవెంటనే వినిపించాలి, "టక్... టక్" అని కాదు. స్లో మోషన్ వీడియో తీస్తే ఈ ఎడం తేలిగ్గా కొలవొచ్చు. సెకనుకు 120 ఫ్రేములు తీసే ఫోనైతే, ఫేక్ చెయ్యి పూర్తిగా కనిపించిన ఫ్రేము నుంచి కాలు లేచిన ఫ్రేము దాకా 12 నుంచి 36 ఉండాలి.

భయం సంగతి. మెదడులో అమిగ్డలా అనే గింజంత భాగం ప్రమాదమని గంట కొడితే, నార్ అడ్రినలిన్ అనే రసాయనం పొంగుతుంది, గుండె దడదడలాడుతుంది, చూపూ ధ్యాసా ఇరుకైపోతాయి. కొద్దిగా పొంగితే మంచిదే, ఎక్కువైతే చెడ్డది. దీనికితోడు మనం చేసే తప్పొకటి ఉంది. మ్యాట్ ఎక్కేముందు "మోచెయ్యి లోపలికి, తుంటి తిప్పు, మడమ నేలకు" అని చెవిలో పోరుతాం. చేతికి వచ్చేసిన పనిని పిల్లాడు మళ్లీ ముక్కలుముక్కలుగా ఆలోచించడం మొదలుపెడతాడు, ఉన్న నేర్పు కాస్తా పోతుంది. ధ్యాస తన ఒంటి మీద కాకుండా బయట గురి మీద ఉంటే కదలిక బాగా వస్తుందని 1990ల చివరి నుంచి చాలా ప్రయోగాలు చెబుతున్నాయి. "వాడి బెల్టు ముడి మీదికి పో" అనండి చాలు. కుర్చీలో కూర్చుని ఆట నడుస్తుండగా వాక్యాలు అరవొద్దు. ముందే అనుకున్న రెండు మాటలు, "గీత", "పో", అంతే. మూడో మాట పిల్లాడి చెవికెక్కదు.

బౌటుకు (పోటీలో ఒక్కో ఆటకు) ముందు రెండు నిమిషాలు ముక్కుతో నాలుగు అంకెలు పీల్చి ఆరు అంకెలు వదలమనండి. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం కొంచెం దిగుతుంది. దడ పూర్తిగా పోదు, పోవాలని ఆశించొద్దు. "గుండె కొట్టుకుంటుందంటే ఒళ్లు సిద్ధమవుతోందని అర్థం" అని ముందే చెప్పి ఉంచితే దడను చూసి మళ్లీ దడ పుట్టదు. అన్నిటికంటే పనిచేసేది అలవాటు. శనివారాలు పోటీని అచ్చంగా పెట్టండి. రిఫరీ, స్కోరు, గడియారం, చుట్టూ కేకలు వేసే జనం, క్యాడెట్, జూనియర్ వయసు తరగతుల పిల్లలకు అచ్చం పోటీలో ఉన్నట్టే రెండు నిమిషాలు. ఒక్కొక్కరికి ఒక్కటే బౌటు, ఓడితే మళ్లీ అవకాశం లేదు. వీలైతే బిట్రగుంట నుంచో సింగరాయకొండ నుంచో ముఖం తెలియని పిల్లల్ని పిలిపించండి. తెలిసిన దోస్తుతో ఆడేటప్పుడు అమిగ్డలా నిద్రపోతుంటుంది.

నిద్ర అన్నామని గుర్తొచ్చింది. వేళ్లతో ఒక వరస తట్టడం నేర్పి చేసిన 2002 నాటి ప్రయోగంలో, రాత్రి నిద్రపోయి లేచాక కొత్త సాధనేమీ లేకుండానే వేగం సుమారు 20 శాతం పెరిగింది. పగలంతా మెలకువగా గడిపినవాళ్లకు అది రాలేదు. టీనేజి పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మన దగ్గర టెన్త్, ఇంటర్ పిల్లల్ని తెల్లారుజామున నాలుగున్నరకే లేపి స్టడీ అవర్లో కూర్చోబెట్టే అలవాటుంది, అది చదువుకూ మంచిది కాదు, ఆటకూ కాదు. దాన్ని మీరు మార్చలేరు. మీ చేతిలో ఉన్నది ఇది: పోటీకి మూడు రోజుల ముందు నుంచి కొత్తది ఏదీ నేర్పొద్దు, ముందురోజు రాత్రి పదింటి దాకా సాధన పెట్టొద్దు.

కళ్లకు గంతల క్లాసుల వాళ్లను గేటు దగ్గర నుంచే పంపెయ్యండి. మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ పేరుతో చూపించేది ముక్కు పక్కన సందులోంచి చూడటమే. హేతువాదులు ఆ సందు మూయించి చూసినప్పుడు పిల్లలు చదవలేకపోయారు. పాపం, అబద్ధం ఆడమని పిల్లలకు నేర్పినట్టవుతుంది. లోపల బల్లి మెదడు ఉంది, దాన్ని లొంగదీయాలి అనే మాట కూడా వింటుంటారు. 1960లలో పుట్టిన ఆ మూడంతస్తుల మెదడు లెక్కను పరిణామ శాస్త్రం ఎప్పుడో పక్కన పెట్టేసింది.

ఇక తల. ఇంతవరకు చెప్పిందంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. సాధన చేయించే మెదడునే దెబ్బ కొట్టుకుంటే చేసిందంతా దండగ. బాక్సర్ల మెదళ్లు దెబ్బలకు పాడవుతాయని 1928లోనే వైద్య పత్రికలో రాశారు. తల విసురుగా తిరిగినప్పుడు పుర్రె లోపల మెదడు మెలిపడుతుంది, కంకషన్ (దెబ్బకు మెదడు పని చెదరడం) ఎక్కువగా అట్లా వస్తుంది. స్పృహ తప్పకపోయినా రావచ్చు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, మసకలు, అడిగిందే అడగడం, స్కోరు ఎంతో గుర్తులేకపోవడం, ఊరికే ఏడవడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట బంద్. "బాగానే ఉన్నా సార్" అన్నా సరే. మెడ నొప్పి, మళ్లీ మళ్లీ వాంతి, పెరుగుతున్న తలనొప్పి, ఫిట్సు, చెయ్యో కాలో తిమ్మిరి, మగత, ఇవైతే వెంటనే ఆసుపత్రికి. మెదడు కోలుకోకముందే ఇంకో దెబ్బ తగిలితే, ముఖ్యంగా కుర్రవాళ్లలో, అరుదుగానైనా ప్రాణం మీదికి వస్తుంది.

కంకషన్ వస్తే మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోను చూడటం తగ్గించాలి. ఇంట్లో మెల్లగా నడవొచ్చు, చీకటి గదిలో పడుకోబెట్టనక్కర్లేదు. ఆ తర్వాత వేగంగా నడక. ఆపైన ఒంటరిగా కటా లాంటి సాధన. తర్వాత తాకకుండా జత సాధన. ఇక్కడ ఆగి డాక్టరు మాట తీసుకోవాలి. సరే అంటే అప్పుడు స్పారింగ్ (ఎదురెదురుగా ఆడే సాధన పోరు), చివర పోటీ. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు, తలనొప్పి తిరగబెడితే ఒక మెట్టు కిందికి. స్కూలుకు పూర్తిగా పోగలిగాకే స్పారింగ్. పిల్లలకు నాలుగు వారాల దాకా పట్టడం మామూలే.

హెల్మెట్ గురించి తల్లిదండ్రులకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అది తోలు చిట్లకుండా కాపాడుతుంది, తల విసురుగా తిరగడాన్ని ఆపలేదు. పెద్ద మగవాళ్ల అమెచ్యూర్ బాక్సింగ్‌లో 2013లో హెల్మెట్లు తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో అవి లేకుండానే ఆడారు. పిల్లలకు అట్లా తీసెయ్యమని కాదు, పోటీ నియమాల్లో ఉంటే పెట్టుకోవాల్సిందే. కానీ హెల్మెట్ ఉంది కదా అని గట్టిగా కొట్టుకుంటారు, అదే ప్రమాదం. మీ క్లాసులో తలకు వేసే ప్రతి దెబ్బా తాకకముందే ఆగాలని నియమం పెట్టండి, తాకితే కొట్టినవాడికి ఆ రోజు స్పారింగ్ లేదు.

మీది స్కూలు గ్రౌండు కాబట్టి మాకు గుద్దు కంటే నేలతోనే భయం. కాలు ఊడ్చి పడేసినప్పుడు తల వెనక భాగం గట్టి నేలకు తగులుతుంది. రియాక్షన్ మిషన్‌కు పెట్టాలనుకున్న డబ్బుతో స్పారింగ్ జాగా మేరకు మ్యాట్లు కొనండి. మ్యాట్ల నడుమ సందు రాకుండా అంచులు పళ్లు పళ్లుగా కలుసుకునే రకం తీసుకోండి, సందులో బొటనవేలు ఇరుక్కుంటే విరుగుతుంది. అవి వచ్చేదాకా పడేసే దెబ్బలు ఆపండి. ఆ తర్వాత మిగిలితే తలా ఒక గమ్ షీల్డు. వేడినీళ్లలో మెత్తబరిచి పళ్లకు అచ్చు తీసుకునేది కొనండి. పిలకాయలకు పళ్లు మారుతుంటాయి కనుక అచ్చు వదులైందేమోనని ఆరు నెలలకోసారి చూస్తుండాలి.